చేతి దగ్గర తెల్ల మచ్చ

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదిలో గుంటమగ్గం, వెనకగదిలో కూతురి కంప్యూటర్. వీడియోలు తక్కువ చోటు పట్టేలా చిన్నవిగా చేసే పని ఆమెది. వీడియోలో ప్రతి బొమ్మనూ మొత్తంగా దాచరట. ముందు బొమ్మలో ఉన్నది ఎటు జరుగుతుందో కంప్యూటర్ ఊహిస్తుంది, ఊహ తప్పిన మేరకే దాస్తుంది. ఊహ ఎంత సరిగ్గా ఉంటే వీడియో అంత చిన్నదవుతుంది.

ఆ ఊహను మెరుగుపరచడానికి ఆమెకు ఒకే తీరున కదిలేది కావలసి వచ్చింది. వాళ్ల నాయన నేత కంటే ఏముంటుంది? రోజూ కాసేపు వీడియో తీసేది. ఊహ కుదిరినచోట తెర నల్లగా, తప్పినచోట తెల్లగా కనిపించేది. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆ తెర చదవడానికి మాత్రం అవి అక్కర్లేదు. పేక నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తినా అంతా నలుపే. మా ఆయన ఎడమచేతి దగ్గర మాత్రం తెల్ల మచ్చ.

“నా లెక్కలోనే యాడో తప్పుందిమా,” అనింది కూతురు.

వారాలు గడిచేకొద్దీ మచ్చ మణికట్టు దాకా పాకింది. ఒక పొద్దున నేను మగ్గం దగ్గరే నిలబడి చూశాను. ఆయన వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆ చెయ్యి పోతే మగ్గం పోయినట్టే. వేరే పని ఆయన ఎరగడు.

“ఆదోనికి పోయి డాక్టరుకు సూపిచ్చుకుందాం పా,” అన్నాను.

“పడుగు సగంలో ఇడిసిపెట్టి పోతారా యాడన్నా? అయిపోనీ. అయినా నా సెయ్యి వణికితేనే గదా నీ కూతురికి పని!”

ఈలోగా కూతురు వెంట్రుకవాసి కదలికలను కూడా ఊహించేలా లెక్క సరిచేసింది. తెరంతా నల్లబడింది. ఆయన గుంటలోంచి లేచి వచ్చి చూశాడు.

“సూడే, మచ్చ యాడుంది? సెయ్యి బాగైపోయింది. ఇంగ డాక్టరు యాల?”

“అట్ల కాదు నాయనా,” అనింది కూతురు. “వణుకు పోలేదు. అది గూడా ఒకే తీరున ఉండాది. కంప్యూటర్ దాన్ని నేర్చుకునింది.”

ఆయన వినలేదు. పాత పడుగు కొనలకే కొత్త పోగులు అతకడం మా నేతగాళ్ల పద్ధతి, మగ్గం ఖాళీ పడదు. పడుగు చివరికి వస్తోందని నేను ఆదోని ప్రయాణానికి చీర తీసి పెట్టుకున్న రోజే, ఆయన కూర్చుని కొత్త పడుగు అతికిస్తున్నాడు. ఎడమచెయ్యి పోగును పట్టలేకపోతుంటే, ఆ చేతిని కుడిచేత్తో అదిమి పట్టుకున్నాడు.