అక్క అడిగిన పచ్చ

అక్క చివరిగా నన్ను అడిగింది ఒక్కటే, అమ్మ తెల్ల నూలు చీర కొంగుకి రంగు వేయించమని. అప్పటికే ఆసుపత్రివాళ్ళు ఇంక చేసేదేమీ లేదని పంపించేశారు. మయూర్ విహార్‌లో మా ఫ్లాట్‌లోనే, మంచం మీద ఉంది.

"కొంగు చివర పచ్చగా ఉండాలి. పైకి పోయేకొద్దీ తగ్గి తగ్గి, భుజం దగ్గరికి వచ్చేసరికి తెలుపులో కలిసిపోవాలి," అంది.

అచ్ఛా అన్నాను. తెలుగులో ఏడవవే అని తిట్టింది. ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో నా నోట హిందీ దొర్లినప్పుడల్లా ఆ తిట్టు తింటూనే ఉన్నాను.

మర్నాడే కరోల్ బాగ్‌లో రంగులద్దే ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. ఏ రంగని అడిగాడు. హరా అన్నాను, అంటే ఆకుపచ్చ. నా బుద్ధి గడ్డి తింది, క్షణమైనా ఆలోచించలేదు. ఆయన తడి కొంగుని వేడి రంగునీళ్ళలో ముంచి, బెత్తెడు బెత్తెడు పైకి లాగుతూ పోయాడు. ఎక్కువసేపు నానిన చోట ముదురు, తక్కువసేపు నానిన చోట లేత. మధ్యలో గీత పడితే పని చెడినట్టేనట. ఎక్కడా పడలేదు. ఎంత మురిసిపోయానో.

ఇంటికి తెచ్చి అక్క ఒళ్ళో పరిచాను. చాలాసేపు చూసింది. కొంగు చివర తడుముతూ, అమ్మ పసుపు చేతులు తుడుచుకునేది ఇక్కడే కదే అని మెల్లగా అడిగింది.

అప్పుడు తెలిసింది. మా ఇంట్లో పచ్చంటే పసుపే. పచ్చకామెర్లు, పచ్చసొన అని పుట్టినప్పటినుంచీ అన్న నోరే నాది. అమ్మ కొంగున ఎంత ఉతికినా పోని ఆ మరక చివర ముదురుగా, పైన లేతగా ఉండేది. అమ్మ పోయాక ఎవరో తెల్లగా చలువ చేయించేశారు. అక్క అడిగింది ఆ మరకని.

మళ్ళీ కరోల్ బాగ్ పరిగెత్తాను. ముదురు మీద లేత రంగు ఎక్కదన్నాడు. తీసెయ్యబోతే పాత నూలు చిరిగిపోతుందన్నాడు. అలాంటిదే ఇంకోటి లేదా అని అడిగాడు. అమ్మది మిగిలింది అదొక్కటే.

తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను. అక్క నా మొహం చూసి కనిపెట్టేసింది. ఒళ్ళోని చీర మడిచి తలగడ పక్కన పెట్టుకుంది.

"ఠీక్ హై," అంది. పక్కింటి ఆంటీతో అన్నట్టుగా.

అక్క నాతో హిందీ మాట్లాడటం అదే మొదలు. తిట్టవే అక్కా అని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. వారం తిరక్కుండానే పోయింది. ఆ వారంలో నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు.