నీళ్ల బండి వెనకాల

ఎడారిలో కార్చిచ్చు ఏమిటి, కాలడానికి అక్కడ ఏముందని మీరు అడగొచ్చు. మామూలు ఏడాదైతే ఏమీ ఉండదు, ఇసుకా రాళ్లూ తప్ప. కానీ ఆ ఏడాది చలికాలంలో ఎన్నడూ లేనంత వాన కురిసింది. కొండవాలు మీదా, రోడ్డుకు రెండు పక్కలా మోకాటి ఎత్తు గడ్డి లేచింది. ఊరు ఊరంతా మురిసిపోయి దాని ముందు నిలబడి ఫోటోలు దిగింది. ఎండలు ముదిరేసరికి అదంతా ఎండి గలగలలాడింది. పైగా గాలి. తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుపోయే గాలి, నోట్లో తడి కూడా మిగల్చని గాలి. అగ్నికి వాయువు తోడు అని పెద్దలు ఊరికే అనలేదు.

అందరూ నీళ్లబ్బాయి అని పిలిచే మనిషికి యాభై దాటాయి. ట్యాంకర్ కొన్న రోజు పడ్డ పేరు, జుట్టు నెరిసినా వదల్లేదు. కొండ మీది వీధికి పైపులు లేవు. కింద బోరు దగ్గర ట్యాంకర్ నింపుకొని పైకి తోలి, ఇంటింటి డ్రమ్ముల్లో పోసి రావడం అతని పని. ఆ వీధిలో చివరి ఇల్లు వాళ్ల అక్కది. తల్లి పోయాక కుట్టుమిషన్ తొక్కి అతన్ని పెంచింది ఆవిడే. తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయి, ఇప్పుడు గుమ్మం దిగాలన్నా గోడ పట్టుకోవాలి. పైన నిప్పంటుకుంటే అక్క ఎలా దిగుతుందన్నదే ఆ వేసవంతా అతని బెంగ. అందుకే ఎవరి వేళ్ల మధ్య సిగరెట్ కనిపించినా ఊరుకునేవాడు కాదు. ఓసారి మంగలి చేతిలోది లాక్కుని బకెట్లో ముంచేశాడు.

"కొంపలంటుకున్నాక నువ్వొచ్చి ఆర్పుతావా?" అన్నాడు.

"నీళ్లు నీ దగ్గరున్నాయిగా, నేనెందుకు మధ్యలో," అని నవ్వాడు మంగలి.

ఆ రోజు మధ్యాహ్నం నిండు ట్యాంకర్‌తో కొండెక్కుతుంటే పక్క అద్దంలో పొగ కనిపించింది, అప్పుడే దాటొచ్చిన మలుపులో, రోడ్డు అంచున. బండి వెనక్కి పోనిచ్చి, గొట్టం విప్పి ఆర్పేశాడు. ఏ వెధవ పారేశాడో అని తిట్టుకుంటూ బయల్దేరాడు. రెండు మలుపులు తిరిగాడో లేదో, అద్దంలో మళ్లీ పొగ. ఈసారి మంట మనిషెత్తు లేచింది. ట్యాంకర్లో ఉన్నదంతా దాని మీదే కుమ్మరించాడు. అది ఆరింది గానీ చుక్క నీళ్లు మిగల్లేదు. ఇక లాభం లేదు, ముందు అక్కను దించేద్దామని పైకే తోలాడు. వీధి మొదట్లో అద్దంలోకి చూస్తే మూడోది. అప్పటికే గాలి దాన్ని వాలు మీదికి ఎగదోస్తోంది.

హారన్ మీంచి చెయ్యి తీయకుండా వీధి చివరిదాకా పోయాడు. అక్క మిషన్ ముందు కూర్చునుంది.

"లే అక్కా, మంటలొస్తున్నాయి."

"ఈ చొక్కా చెయ్యొక్కటి అతికించి వస్తాన్రా."

మారు మాట్లాడకుండా ఆవిణ్ని ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టాడు. ఇరుగుపొరుగు ట్యాంకర్ మీదికెక్కారు. కొండ అవతల మట్టిదారి ఒకటుంటే దాని మీదుగా దించాడు. సగం దిగాక చూస్తే అక్క ఇంటి కప్పు కూలిపోతోంది. ఆవిడ చూడకుండా ఆ వైపు కిటికీకి తన కండువా అడ్డం పెట్టాడు.

కింద బడి వరండాలో అందరూ అతని చుట్టూ మూగారు. మంగలి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "పోతే పోయిందమ్మా ఇల్లు, మా తమ్ముడు లేకపోతే అందరం బూడిదయ్యేవాళ్లం," అని అక్క కనిపించినవాళ్లందరికీ చెబుతోంది. ఇంతలో అగ్నిమాపక అధికారి వచ్చాడు.

"మొదటి మంట ఎక్కడ చూశావు?"

"నా వెనకాలండీ, మలుపులో."

"రెండోది?"

"అదీ వెనకాలే."

"మూడోది?"

"వెనకా..." అంటూ ఆగిపోయాడు. అంతవరకూ అతనికి తట్టనే లేదు. అధికారి ట్యాంకర్ వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని అడుగున చూశాడు.

"నీళ్ల బండికి గొలుసెందుకయ్యా?"

అతనికి డ్రైవింగ్ నేర్పిన గురువు పెట్రోలు ట్యాంకర్ తోలేవాడు. రాపిడికి పుట్టే కరెంటు నేలలోకి దిగిపోయి నిప్పంటుకోకుండా, పెట్రోలు బండికి నేలను రాసుకుంటూ గొలుసొకటి వేలాడాలి. గొలుసు లేని ట్యాంకర్ తోక లేని గాడిద అనేవాడాయన. నీళ్ల బండికి అక్కర్లేదని ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. ఆ మాట విన్న అక్క, సొంత బండి వచ్చిన రోజున కుట్టుకూలితో లావుపాటి గొలుసు తెచ్చిచ్చింది, తమ్ముడికి ఏ ఆపదా రాకూడదని. అప్పట్నుంచీ అది రోడ్డును గీరుతూ రవ్వలు రాలుస్తూనే ఉంది. ఇన్నేళ్లూ అవి ఇసుకలో పడి చచ్చాయి. ఈ ఏడు గడ్డిలో పడ్డాయి.

కంచే చేను మేయడమంటే ఏమిటో నీళ్లబ్బాయికి అప్పుడు తెలిసింది. వంగి ఆ గొలుసును చేత్తో పట్టుకు చూశాడు.

"మూడూ నేనే అంటించానండీ," అన్నాడు.

వేళాకోళమనుకుని మంగలి నవ్వబోయి, అతని మొహం చూసి మానేశాడు. అక్క గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది.

"ఏమంటున్నార్రా వీళ్లు? గొలుసేంటి?"

"దాని రవ్వలకే అంటుకుందక్కా."

ఆవిడ బండి వెనక వేలాడుతున్న గొలుసు వైపు చూసింది.

"నేను తెచ్చిందా?"

బుద్ధెరిగాక అక్కతో అతను అబద్ధమాడి ఎరగడు.

"కాదక్కా. అదెప్పుడో తెగిపోయింది. ఇది నేను కొన్నది."

"మరి నాకు చెప్పలేదేరా?"

"బాధపడతావని," అన్నాడు.