అడిగితేనే చెప్పే పంతులమ్మ: ఫిలింనగర్‌లో ఒక రోజు

విజయవాడలో ఇంటర్ పిల్లలకు నేను ఇంగ్లిషు చెప్పే రోజులవి. గైడు బట్టీపట్టి అప్పజెప్పడమే తప్ప, సొంతంగా ఒక్క వాక్యం రాసేవాళ్లు కాదు. ఆ విసుగులో ఉండగా నాతో చదువుకున్న సరళ ఫోన్ చేసింది. బయటి రాష్ట్రాల నటులకు హైదరాబాద్‌లో తెలుగు నేర్పుతోంది తను. "ఒకసారి వచ్చి నా క్లాసు చూడవే" అంది. తొంభైల మధ్యనాటి మాట. ఆ శుక్రవారమే బస్సెక్కేశాను.

తెల్లారి అమీర్‌పేటలో దిగి ఆటో అడిగాను. "ఫిలింనగరా? అంత చడావు మేడం, గుట్ట ఎక్కాలె, జర ఎక్కువైతది" అంటూనే ముప్పై రూపాయలకు ఒప్పుకున్నాడు. కృష్ణానగర్‌లో ఇడ్లీ తిందామని ఆగితే పక్క బల్ల నిండా పోలీసులు! లేవబోయాను. డ్రైవరు నవ్వాడు. "పరేషాన్ గాకుండ్రి. షూటింగోళ్లే, ఉత్త డ్రెస్సులు."

బండరాళ్ల మధ్య ఎత్తుకు ఎక్కితే, ఒక మేడ మీది గదిలో సరళ క్లాసు. ఉన్నది ఒక్కతే విద్యార్థిని, బొంబాయి నుంచి వచ్చిన నిషా. మొదటి సినిమాలో డైలాగులకు బదులు ఒకటి, రెండు, మూడు అని పెదవులు కదిపితే, గొంతు ఇంకెవరో ఇచ్చారట. ఈసారి తనే మాట్లాడతానని పట్టుబట్టింది. తడబడితే తల్లితో ఉన్న ముఖ్యమైన సీనే తీసేస్తానన్నాడు దర్శకుడు. షూటింగ్ ఆ మధ్యాహ్నమే.

"అమ్మా, నాకు నువ్వు తప్ప ఇంకో దిక్కు లేదు" అని డైలాగు చెప్పింది నిషా, దారి వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూస్తూ. "కాదమ్మా, దిక్కంటే ఇక్కడ..." అనబోతుంటే సరళ నా చెయ్యి నొక్కింది. వంటింట్లోకి లాక్కెళ్లి నిలదీశాను.

"తప్పని తెలిసీ ఊరుకుంటావా? ఏం టీచర్‌వే నువ్వు?"

"అడిగితేనే చెప్పాలన్నది నిషా పెట్టిన షరతు. ఈ సినిమా మొదట్లో ప్రతి మాటా నేనే నూరిపోశాను. ఒకరోజు నేను సెట్‌కి వెళ్లలేదు, పిల్లకి నోరు పెగల్లేదు."

నాకు మింగుడుపడలేదు. పిల్ల బతుకుతో పరాచికాలా అనిపించింది.

మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. పక్కనుంచి డైలాగు అందించడానికి వచ్చిన కుర్రాణ్ణి నిషా వద్దంది. అందరూ బిత్తరపోయారు. కెమెరా తిరిగింది. 'దిక్కు' అన్న మాట రాగానే నిషా మళ్లీ అటూ ఇటూ చూసింది.

"కట్! ఏంటమ్మా, బస్సు కోసం చూస్తున్నావా?" దర్శకుడు అరిచాడు. సెట్టంతా గొల్లుమంది. "అంకెలు చెప్పు చాలు. లేదా సీను ఎత్తేద్దాం."

నిషా కళ్లు ఎర్రబడ్డాయి. నేను సరళ వైపు తిరిగాను. కొంగు పిడికిట్లో నలుపుతోంది తప్ప అడుగు కదపలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

నిషా మా వైపు రాలేదు. తల్లి వేషం వేసిన పెద్దావిడ దగ్గరికి వెళ్లింది. "అమ్మగారూ, నేను ఏం తప్పు చేశాను? దిక్కు అంటే తూర్పు, పడమర కదా?"

నవ్వుతున్న ఆవిడ ఆగిపోయింది. "అవీ దిక్కులేనమ్మా. ఇక్కడ మాత్రం ఆసరా. నిన్ను చూసుకునే మనిషి."

నిషా వెంటనే ఆ మాటను వాడి చూసింది. "అయితే బొంబాయిలో నాకు దిక్కు మా అక్క."

"అదీ!" అంది పెద్దావిడ.

"ఇంకొక్కసారి, సార్" అంది నిషా, దర్శకుడితో. ఈసారి చూపు తల్లి ముఖం మీంచి కదల్లేదు. ఆ మాట నిజంగా ఆసరా అడుగుతున్నట్టే పలికింది. దర్శకుడు "ఓకే" అని తర్వాతి షాట్‌కి కదిలాడు.

బయటికొచ్చాక నిషా సరళతో నెమ్మదిగా అంది, "మేడమ్, రేపటినుంచి రోజూ క్లాసు వద్దు. అవసరమైతే నేనే వస్తాను." నేను నోరు తెరిచాను. ఉన్న ఒక్క విద్యార్థినీ పోతోంది! సరళ మాత్రం నిషాని దగ్గరికి తీసుకుని నవ్వేసింది. కళ్లు తడిగా ఉన్నాయి.

ఆ దిగ్భ్రమ నుంచి పూర్తిగా తేరుకోకుండానే విజయవాడ చేరాను. సోమవారం క్లాసులో "మీకేం నేర్చుకోవాలనుంది?" అని అడిగితే, నాకు మతిపోయిందన్నట్టు చూశారు పిల్లలంతా. వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మేడం, రైల్వే ఎంక్వైరీలో ఇంగ్లిషులో ఎలా అడగాలి?" ఆ రోజు పాఠం అదే. సరళ చేసిందంతా ఒప్పని ఈనాటికీ అనను. సెట్లో అందరూ నిషాను చూసి నవ్వుతుంటే కదలకుండా నిలబడటం మాత్రం నా వల్ల అయ్యేది కాదు.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక సలహా: షూటింగ్ చూడాలంటే తెలిసినవాళ్ల ద్వారా ముందే అనుమతి తీసుకోండి. వెంట భాష నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే, దారి వాళ్లనే అడగనివ్వండి. కాస్త చుట్టు తిరుగుడైనా సరే, మీరు మాత్రం నోరు మెదపకండి.