మూతపడని కంటికి రెప్పనిచ్చిన దేవుడు

నిద్రపోయినా కన్ను మూతపడని మనిషిని మీలో ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు గానీ, సహోదరులారా, సహోదరీలారా, నేను కొన్నేళ్ళపాటు అలాంటి మనిషిగానే బతికాను. నా పేరు సరోజిని. మాది రాయగడ. స్టేషనుకి వెళ్ళే దారిలో మా మావగారి కాలం నుంచీ మాకు మిఠాయి దుకాణం ఉంది. మా అత్తవారిది విజయనగరం వైపు ఊరు, వ్యాపారానికని ఇటొచ్చి ఇక్కడివాళ్ళే అయిపోయారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి, జంతికలు వత్తడం, బూందీ దూయడం నేర్చుకుని, మా ఆయన సూర్యారావుగారితో పాటు పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. పదిమందిలో మాట్లాడటం నాకు చేతకాదు, అయినా దేవుడు చేసిన మేలు కడుపులో దాచుకుని ఊరుకోలేక నిలబడ్డాను.

తొంభైల మొదట్లో, పెళ్ళిళ్ళ రోజుల్లో, కొల్నారలో ఒక పెళ్ళివారు లడ్డూలు కావాలన్నారు. ఆ హడావుడిలో పొయ్యి మీది మూకుడు ఒక పక్కకి ఒరిగి, మరిగే నూనె నా ఎడమ చెంప మీద పడింది. కంట్లో పడలేదు, ఆ వేళ నన్ను కాపాడిన ప్రభువు పేరు కూడా అప్పటికి నాకు తెలియదు! చాలా రోజులు మంచం మీద ఉన్నాను, పుండు మానింది, అందరూ గండం గడిచిందన్నారు. గడవలేదు. మానినకొద్దీ చెంప మీది చర్మం గట్టిపడి ముడుచుకుపోతూ, కంటి కింది రెప్పని కిందికి లాగడం మొదలుపెట్టింది, నెలలు గడిచేసరికి ఆ రెప్ప బయటికి తిరగబడిపోయి లోపలి ఎర్రటి కండ అందరికీ కనబడేది, కన్నీళ్ళు కంట్లో నిలవక పొద్దస్తమానం చెంప మీద కారుతూనే ఉండేవి, గాలి తగిలినా, దుమ్ము పడినా, పొయ్యి పొగ సోకినా ఇసుక పోసినట్టు మండేది.

దుకాణంలో ముందుకి రావడం మానేశాను. కొన్నవాళ్ళు నా ముఖం చూసి పొట్లం తీసుకోవడానికి తటపటాయిస్తుంటే మా ఆయనకేమీ చెప్పకుండా నేనే లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మా ఆడపడుచు పెళ్ళిలో పసుపు దంచే వేళకి నన్ను పిలవలేదు, ఎవరూ ఏమీ అనలేదు, పిలవలేదంతే. వాటన్నిటినీ ఓర్చుకున్నాను. ఒక్కటే ఓర్చుకోలేకపోయాను. మా పాప ఉష అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటోంది, దానితో దాగుడుమూతలు ఆడుతుంటే అది వచ్చి నా ముందు నిలబడి, "అమ్మా, నువ్వు కన్ను ముయ్యనేదు, సూసెత్తన్నావు" అని అలిగింది. అరచేత్తో ఆ కన్ను కప్పుకుని ఆట పూర్తిచేశాను. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి ఎంత ఏడ్చానో, అది ఏడుపో, ఎప్పుడూ కారే నీరో నాకే తెలియలేదు.

మా అత్తగారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. మాటలో పదును, మనసులో మెత్తన. నా కంటి కోసం ఆవిడ మొక్కని మొక్కు లేదు, కాశీపూర్ కొండల్లోంచి ఆకులు తెప్పించి పసరు తీసింది, నా తలగడ మీద గుడ్డ తానే ఉతికేది. ఏదీ పనిచెయ్యకపోయినా విసుక్కోలేదు.

అలాంటి రోజుల్లో రూతమ్మగారు మా దుకాణానికి వచ్చారు. ఆవిడ భర్త రైల్వేలో పని, రైల్వే కాలనీలో కాపురం. నేను పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటే ఆవిడ నా కన్ను చూసి అయ్యో అనలేదు, చూపు తిప్పుకోలేదు. నొప్పిగా ఉందా తల్లీ అని అడిగారు. అంతవరకు అందరూ ఎలా జరిగిందని అడిగారే తప్ప నొప్పిగా ఉందా అని అడిగినవాళ్ళు లేరు. ప్రార్థన చెయ్యనా అన్నారు, సరే అన్నాను. ఆ మిఠాయి బల్లల మధ్యే నిలబడి నా తల మీద చెయ్యి వేసి, "తండ్రీ, ఈ బిడ్డ నీకు తెలుసు, ఈ బిడ్డకి నిన్ను తెలియజెయ్యి" అని ఊరుకున్నారు. కన్ను గురించి ఒక్క మాట అడగలేదు! అదే నన్ను పట్టుకుంది. వారానికొకసారి ఆవిడ మా ఇంటికి వచ్చి వాక్యం చదివేవారు, మా ఆయన వద్దనలేదు, మా అత్తగారు మాత్రం లోపలికి రాకుండా అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది. నేను ప్రభువుని నమ్ముకున్నాను. నా కన్ను అలాగే ఉంది గానీ నా గుండెలో భయం పోయింది, చెంగు అడ్డం పెట్టుకోకుండా దుకాణంలో నిలబడటం మొదలుపెట్టాను.

అయితే సహోదరులారా, అసలు శోధన అప్పుడు వచ్చింది. కంట్లో గుచ్చినట్టు పోటు, వెలుతురు చూడలేకపోవడం, అక్షరాలు అలికినట్టు కనబడటం. రాయగడలో కంటి డాక్టరుగారు చూసి, రెప్ప మూతపడక నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడిందనీ, మందు వేస్తే ఈ పుండు మానినా రెప్పని సరిచెయ్యకపోతే మళ్ళీ మళ్ళీ వస్తుందనీ, చివరికి చూపు పోతుందనీ చెప్పారు. కోరాపుట్ దగ్గర మిషను ఆసుపత్రిలో ఇలాంటి ఆపరేషను చేసే డాక్టరమ్మ ఉన్నారు, వెళ్ళమన్నారు.

మా ఆయన వెళ్దామన్నారు. నేనే వెనకాడాను. ఒకసారి కాలిన చోట మళ్ళీ కత్తా? పైగా ప్రార్థనకి వచ్చే ఒక సహోదరి, ప్రేమతోనే, ప్రభువు ముట్టగలడని నమ్మినవాళ్ళు కత్తి దగ్గరికి ఎందుకు పోవాలని అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. వెళ్తే అవిశ్వాసం, వెళ్ళకపోతే గుడ్డితనం! రూతమ్మగారు నాకు ఏదీ చెప్పకుండా, నీ తండ్రినే అడుగు అన్నారు. ఉపవాసం ఉండి అడిగాను. "ప్రభువా, నన్ను నీ మాటతో బాగుచేస్తావో, మనుషుల చేత్తో బాగుచేస్తావో, నాకు అర్థమయ్యే నోటితో చెప్పు" అని అడిగాను. అంతకుముందు వారమే రూతమ్మగారు పుట్టుగుడ్డివాడికి ప్రభువు చూపునిచ్చిన సంగతి చదివి వినిపించారు.

ఆ సాయంత్రం మా అత్తగారు అరుగు మీద చేటతో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మీ, మీ ప్రభువు ఆ గుడ్డోడి కళ్ళకి ఏటి రాసేడు?"

"మన్ను, అత్తా. ఉమ్మితో మన్ను కలిపి రాసేడు."

"ఉట్టి మాటతో సెయ్యలేడేటి?"

"సెయ్యగలడు."

"మరి మన్ను ముట్టినోడు సూదీ దారం ముట్టడేటి?" చేట కింద పెట్టి నా వైపు చూసింది. "బట్టలు సర్దు. నేనూ వస్తాను."

దేవునికే మహిమ! నేను అడిగిన జవాబు సంఘంలోంచి రాలేదు, అరుగు మీద నుంచి వచ్చింది. మనం విననివాళ్ళనుకున్నవాళ్ళు వింటూనే ఉంటారు.

అప్పటికి రాయగడ నుంచి కోరాపుట్‌కి కొత్త రైలు నడుస్తోంది. కొండల్లో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే మా అత్తగారు ప్రతి సొరంగంలోనూ నా చెయ్యి పట్టుకుంది, వెలుతురు రాగానే వదిలేసింది. పాపని ఆడపడుచు దగ్గర ఉంచాం, దుకాణం చూసుకోవడానికి మా ఆయన ఉండిపోయారు.

డాక్టరమ్మ ఒడియా ఆవిడ, తెలుగు కొద్దిగా వచ్చు. నా చెంపని వేళ్ళతో నొక్కి చూసి దాపరికం లేకుండా చెప్పారు, పూర్వపు ముఖం రాదు, మచ్చ పోదు, కానీ ముడుచుకున్న చర్మాన్ని కోసి వదులుచేసి, రెప్పని దాని చోటికి ఎత్తి, ఖాళీ అయినచోట చెవి వెనక నుంచి చర్మం తీసి అతుకుతాను, అది పట్టిందంటే కన్ను మూతపడుతుంది, పట్టకపోతే మళ్ళీ చెయ్యాలి. నిజం చెప్పే మనిషి చేతిలో పడ్డాను కదా అని నాకు ధైర్యం వచ్చింది.

మత్తు చెంప వరకే ఇచ్చారు, నాకు తెలివి ఉంది. మొదలుపెట్టే ముందు ఆవిడ, నర్సులు నా చుట్టూ నిలబడి ఒడియాలో ప్రార్థన చేశారు. నేను లోపల, "తండ్రీ, ఆ పెద్ద దీపం తప్ప నాకేమీ కనబడటం లేదు, నీ చెయ్యి ఆవిడ చేతి మీద పెట్టు" అనుకుంటూనే ఉన్నాను. లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. చివర్లో, అతుకు మళ్ళీ ముడుచుకుపోకుండా పై రెప్పనీ కింది రెప్పనీ కలిపి కుట్టేసి, గట్టిగా కట్టు కట్టారు.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ నా చెంప మీదికి దీపం వంచి చూశారు. అతుకు ఒక అంచున నల్లబడింది. చూద్దాం అన్నారు, అంతే. ఆ 'చూద్దాం' మోయడం నాకు ఆపరేషను కన్నా కష్టమైంది. మంచం మీద పడుకుని గోడవైపు తిరిగిపోయాను, ప్రార్థన కూడా రాలేదు, కూటంలో పాడుకునే పాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అప్పుడు మా అత్తగారు, ఏ దేవుడి దగ్గరా నా కోసం మొక్కడం మాననిది, నా తల నిమురుతూ మెల్లగా, "ఓ ప్రభువా, నీకు నేను తెలీదు, నాకు నువ్వు తెలీదు. ఈ పిల్ల నీది. నీ పిల్లని సూసుకో" అంది. సహోదరులారా, నేను ఎన్నో కూటాల్లో పెద్ద పెద్ద ప్రార్థనలు విన్నాను, అంత సూటి ప్రార్థన వినలేదు.

రోజు రోజుకీ ఆ నలుపు పొరలా రాలి, కింద లేత గులాబీ రంగు చర్మం కనబడింది. పట్టింది అన్నారు డాక్టరమ్మ, ఆవిడ ముఖంలో నవ్వు అప్పుడే చూశాను. ఇంటికి పంపించారు, కొన్ని వారాలు ఒక కన్ను కుట్టుతోనే తిరిగాను. మళ్ళీ వెళ్ళినప్పుడు కుట్లు విప్పి, మెల్లగా తెరిచి, ఇప్పుడు మూయమ్మా అన్నారు.

మూశాను. మూతపడింది!

ఆ చీకటి ఎంత చల్లగా ఉందో మీకు ఎలా చెప్పను? అందరికీ పుట్టినప్పటి నుంచీ ఉన్న చీకటే, ఎవరూ లెక్కచెయ్యని చీకటే, నాకు మాత్రం స్వర్గం నుంచి దిగినట్టు ఉంది. మా అత్తగారు వంగి చూసి, వేలితో ఆ రెప్పని ముట్టుకుని, "మూసుకుందే అమ్మీ" అని, పక్కనున్న బల్ల మీద కూలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావగారు పోయిన రోజున కూడా నేను ఆవిడ ఏడవడం చూడలేదు.

ఇది జరిగి ఏళ్ళయింది. చెంప మీద మచ్చ ఉంది, అతుకు రంగు కొద్దిగా వేరుగా ఉంది, పుండు మానినచోట చిన్న పొర మిగిలి ఆ కంటికి దూరపు అక్షరాలు సరిగా కనబడవు. దేవుడు అన్నీ తుడిచేశాడని నేను మీతో అబద్ధం చెప్పను, నాకు కావలసినది ఇచ్చాడని చెబుతాను. కుందుర వైపు నుంచీ, కాశీపూర్ నుంచీ కాలిన ముఖాలతో, వంకర రెప్పలతో భయపడుతూ వచ్చే ఆడవాళ్ళకి నేను ఆసుపత్రిలో తోడు కూర్చుంటున్నాను.

మీ ఇంట్లోనో, మీ ఒంట్లోనో మూతపడని గాయం ఏదైనా ఉంటే, ప్రియులారా, దానిని ప్రభువు దగ్గరికి తీసుకురండి, ఆయన మాటతో ముడితే లోబడండి, మనిషి చేత్తో ముడితే వెనక్కి తగ్గకండి, రెండు చేతులూ ఆయనవే. వెళ్ళడానికి భయమైతే కూటం అయ్యాక నన్ను కలవండి, నేను మీతో రైలెక్కుతాను. మా అత్తగారు కూడా ఇవాళ వచ్చింది, ఆ చివరి వరసలో స్తంభం పక్కన కూర్చుంది, మీ కూటానికి కాదు, కోడలికి తోడొచ్చేనంటుంది. ఆవిడని అడగండి, ఈ సంగతంతా నాకన్నా బాగా చెబుతుంది. మనలను ఎరిగిన దేవునికి, మనం ఎరగక ముందే మనలను ఎరిగిన ఆ దేవునికే, సమస్త మహిమ కలుగును గాక. ఆమేన్.