యాడికి పోయింది రంగు?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మాకు కెమిస్ట్రీ చెప్పిన లెక్చరర్ గుర్తొస్తే, పంచె చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ "ఏమప్పా, యాడికి పోయింది రంగు?" అనడమే వినిపిస్తుంది.

ఏటా కొత్త పిల్లల చేతికి అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపిన ఊదారంగు నీళ్లు గాజుగొట్టాల్లో ఇచ్చి, కిటికీ దగ్గర ఎండలో పట్టుకోమనేవాడు. ఎండకు అన్నభేదిలోని ఇనుము నుంచి ఎలక్ట్రాన్ రంగులోకి దూకుతుంది, రంగు మాయమవుతుంది. నీడకు తెస్తే ఎలక్ట్రాన్ వెనక్కి పోయి రంగు తిరిగొస్తుంది. ఈ రెండో ముక్క మాత్రం చెప్పేవాడు కాదు. ఎవరో ఒకరు భయపడేదాకా అద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవాడు.

ఆ ఏడు పత్తికొండ నుంచి వచ్చిన నా పక్కవాడు భయపడ్డాడు. తానే చెడగొట్టాననుకొని గొట్టాన్ని సింకులో వంపేశాడు.

"యాడికి పోయింది రంగు?"

"చెడిపోయింది సార్. పారబోస్తి."

"అట్లనా? పోయి ఎండలో నిలబడు. నీ నలుపన్నా పోతాదేమో చూస్తాం."

గంటసేపు నిలబెట్టాడు. క్లాసంతా నవ్వింది. మరునాటి నుంచి వాడు కాలేజీకే రాలేదు.

ఆయన్ను ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ నీడ సంగతి, ఆయన దగ్గరే చదివిన మా అన్న నాకు ముందే చెప్పి పంపాడు. వంపేముందు వాడు నావైపు చూశాడు కూడా. నేను నా గొట్టాన్ని మెల్లగా నీడలోకి లాక్కున్నాను.