నీళ్లడిగి వచ్చిన మనిషి

దయ్యాలూ గాలీ ధూళీ అని ఎవరైనా చెబితే నాకు నవ్వొచ్చేది. చీపురుపల్లిలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. మోటారు తిరగలేదంటే ఎక్కడో తీగ కాలిందని అర్థం. విప్పి చూస్తే కనబడుతుంది. లోకంలో ఏదైనా అంతేననుకునేవాణ్ని.

కిందటేడు బైకు మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. నేను ఒంటరివాణ్ని. వండిపెట్టే దిక్కు లేదని మా నరసమ్మక్క కోటబొమ్మాళి దగ్గర తన ఊరికి తీసుకుపోయింది. బావ పొద్దున్నే పొలానికి వెళ్లిపోతే ఇంట్లో మేమిద్దరమే. కాలికి సిమెంటు కట్టుతో వంటగదిలోనే గుమ్మం పక్కన మంచం మీద పడుండేవాణ్ని. పొద్దుపోక ఫోన్లో ఒక చిన్న గేమ్ వేసుకున్నాను.

అందులో ఉన్నది ఒకటే వంటగది. ఒకావిడ కూరగాయలు తరుగుతుంటుంది. ఒక మనిషి వచ్చి మంచినీళ్లడుగుతాడు. ఆవిడ కుండవైపు తిరగ్గానే వెనకనుంచి మెడ మీద నరుకుతాడు. తెర ఎర్రబడుతుంది. కథ మళ్లీ మొదటికొస్తుంది, ఆవిడ మళ్లీ కూరగాయలు తరుగుతుంటుంది. ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి చూసి ఆవిణ్ని బతికించాలి. అదే ఆట.

తలుపు గడియ పెట్టాను. పెరటివైపు నుంచి వచ్చి నరికాడు. కత్తి దాచేశాను. రోకలితో తల పగలగొట్టాడు. గచ్చు మీద రక్తం కారే చప్పుడు కూడా పెట్టారు. అసహ్యం వేసేది, కానీ వదల్లేకపోయాను. అక్క తిడుతుందని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడేవాణ్ని. ఆ గేమ్ గురించి ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు.

"ఏట్రా అలగున్నావు? కాలు సలుపుతన్నాదా?" అనడిగేది.

"ఏటీ లేదక్కా" అనేవాణ్ని.

చివరికి ఒకరోజు పొద్దున్న దారి దొరికింది. వాడు నీళ్లడక్కముందే ఆవిణ్ని మెట్లెక్కించి పంపేయాలి. వాడు గుమ్మం దాటగానే పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు మొహాన పోయాలి. ఆవిడ బతికింది. గేమ్ అయిపోయింది.

ఆరోజు మధ్యాహ్నమే సింహాచలం వచ్చాడు. బావకు చిన్నాన్న కొడుకు. పొలం గట్టు తగాదా చాలాకాలంగా నలుగుతోంది, అంతకు కొన్నాళ్ల ముందే ఇద్దరూ కొట్టుకున్నారు కూడా. అక్క వంకాయలు తరుగుతోంది. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. వాడు వీధి గేటు తీసుకుని లోపలికి రావడం మంచం మీంచి చూశాను. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.

"అక్కా, మేడెక్కీ! తలుపేసుకో!" అని అరిచాను.

మామూలుగా అయితే ఏమయిందని నాలుగు మాటలు అడిగే మనిషి. ఒక్క మాట అడగలేదు. కత్తిపీట తోసేసి మెట్లవైపు పరిగెత్తింది.

"వదినా, సిన్న గలాసుడు మంచినీల్లియ్యి" అంటూ వాడు గుమ్మంలోకి వచ్చాడు. ఆమె లేకపోవడం చూసి చెయ్యి ముందుకు తీశాడు. కొబ్బరిబొండాలు కొట్టే కత్తి.

ఒంటికాలి మీద ఎలా లేచానో తెలియదు. గిన్నె రెండు చేతులా ఎత్తి, మరిగే గంజి అన్నంతో సహా వాడి మొహాన కొట్టాను. నా అరచేతులు కాలిపోయాయి. వాడు పశువులా అరుస్తూ కళ్లు మూసుకునే కత్తి తిప్పాడు. మొదటి దెబ్బ నా ఎడమచేతిలో ఎముకదాకా దిగింది. రెండోది ద్వారబంధంలో దిగబడింది. కిందపడ్డాను. కాలి కట్టు చిట్లింది. బుగ్గలమీద చర్మం ఊడి వేలాడుతున్నా వాడు కత్తి లాక్కుని మెట్లెక్కి పైతలుపు నరుకుతూనే ఉన్నాడు. మేడ మీంచి అక్క కేకలు విని జనం వచ్చారు. కర్రలతో చావబాది, స్తంభానికి కట్టి పోలీసులకు అప్పగించారు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో కుట్లు వేశారు. మర్నాడు బావ టీకి కిందికి వెళ్లినప్పుడు అక్క నా పక్కన కూర్చుని మెడ వెనక రుద్దుకుంటోంది.

"ఈపాలికి బతికినాం, తమ్ముడూ" అంది.

"ఈపాలి ఏటక్కా?"

"నన్ను ఎన్నిపాల్లు నరికినాడో నాకే తెల్దు. ఒకపాలి పెరటి గుమ్మంలోంచి వొచ్చినాడు. ఒకపాలి రోకలెట్టి తలకాయ పగలగొట్టినాడు. నొప్పి లేదురా, సప్పుడొక్కటే వినబడింది."

నేను తల తిప్పి ఆమె మొహంలోకి చూశాను.

"ఒకపాలి నిన్ను ముందు సంపీసినాడు. నన్ను వదిలీసి ఎలిపోనాడు. నీ తల ఒల్లో ఎట్టుకుని కూకున్నాను. ఆపాలి ఎంతకీ మొదటికి రాలేదురా. మీ బావ కూడా పోనాడు. నాను ముసిలైపోనాను. కళ్లకి ఆపరేసన్ సేసినారు. ఆ తరవాత ఒకనాడు సూస్తే, వంకాయలు తరుగుతన్నాను."

ఆ గేమ్‌లో చచ్చేది ఆవిడొక్కతే. ఆడేవాడిని చంపడం అందులో లేనేలేదు.

బెదురువల్ల అలా మాట్లాడుతోందని డాక్టరు అన్నారు. కావచ్చు. కానీ బెదిరిన మనిషి గొంతులా లేదు అది. ఎప్పుడో తీరిపోయిన దుఃఖం చెప్పుకుంటున్నంత నిదానంగా చెప్పింది. మా అక్కకు అప్పటికి నలభై కూడా లేవు.

తరవాత ఎన్నిసార్లడిగినా "ఊరుకోరా" అని లేచి వెళ్లిపోతుంది. ఇదేమిటో నాకిప్పటికీ తెలియదు. నేను లేకుండా ఆమె ఎన్నేళ్లు బతికిందో అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.