చేతుల దగ్గరే ఆగిన ఫోకస్

జగదల్‌పూర్ ఫోటో ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్న ఆ చింతపండు ముసలమ్మ ఫోటో తీసింది నేను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా.

కెమెరా మాత్రం నాది కాదు. కిరండూల్‌లో మా పక్క క్వార్టర్లో ఉండే అక్కది. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంది. లెన్సు నాది. నాన్న రైల్వేలో చేరిన కొత్తలో కొనుక్కున్న రీలు కెమెరాది. మధ్యలో ఒక రింగు బిగిస్తే అక్క డిజిటల్ కెమెరాకు పట్టింది. అది చూసి అక్క పకపకా నవ్వింది.

"ఏటే, మీ నాన్న పెట్టిలో ఇంకేటున్నాయి? కిరసనాయిలు దీపం కూడా తగిలించీమంటావేటి?"

నవ్వినా, ఆదివారాలు కెమెరా ఇచ్చేది. ఆ లెన్సుకు ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. మా ఊరి ఇనుప గనుల ఎర్రదుమ్ము చేరి ఆ ఫోకస్ రింగు ఒకచోట గరగరలాడేది. ఎపర్చర్ ఎంత పెట్టానో, అంటే లెన్సు కన్ను ఎంత తెరిచానో, కెమెరాకు తెలియదు; ఫోటో ఫైలు తెరిస్తే అక్కడ సున్నా ఉండేది. అందుకని ప్రతి ఫోటో నంబరూ, ఎపర్చరూ డైరీలో రాసుకునేదాన్ని. రానురాను అంకెల పక్కన నా మాటలు కూడా చేరాయి.

ఆ రోజు సంతలో ముసలమ్మ చింతపండు ముద్దలు కడుతోంది. తీసుకోనా అని సైగ చేశాను. తలూపింది. నేను రింగు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. "ఎంతసేపు బేటీ? ఈలోగా నేను ఇంకా ముసలిదాన్నయిపోతాను" అంది వచ్చీరాని హిందీలో, నవ్వుతూ. కంగారుగా నొక్కేశాను. ఇంటికొచ్చి చూస్తే ముఖం మసకగా ఉంది, వేళ్ళు మాత్రం అంటుకున్న చింతపండు పీచుతో సహా స్పష్టంగా పడ్డాయి. డైరీలో రాసుకున్నాను: "ఎపర్చర్ రెండు. తప్పు నాదే. ఆమె కళ్ళలోకి చూడటానికి సిగ్గేసి చేతుల దగ్గరే ఆగిపోయాను."

ఎపర్చర్ లెక్కలు నేర్చుకుంటానని అక్క డైరీ అడిగింది. నా డైరీ ఎవరికీ ఇవ్వను. అక్కకు ఇచ్చాను.

నెల తర్వాత తనే నన్ను ప్రదర్శనకు తీసుకెళ్ళింది. గోడమీద నా ఫోటో. కింద అక్క పేరు. దాని కింద హిందీలో రెండు వరుసలు. మొదటి వరుస చదువుతుండగానే నా చెవులు వేడెక్కాయి. ఆమె కళ్ళలోకి చూడటానికి సిగ్గేసి చేతుల దగ్గరే ఆగిపోయాను, అని ఉంది. పెళ్ళి పందిట్లో పెళ్ళికొడుకు గడ్డం పట్టుకుని ముఖం తిప్పే మనిషికి సిగ్గట! ముఖం మసకగా ఉందేమని ఎవరో అడిగితే మైకులో కూడా చెప్పింది: కావాలనే ముఖం వదిలేశాను, పాత లెన్సులతో తీయడం నాకు ఇష్టం అని. చెబుతూ ఒక్కసారి నావైపు చూసింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ గుమ్మం దగ్గరకు వెళ్ళాను. రాత్రంతా కూర్చుకున్న మాటల్లో ఒక్క ముక్కే బయటికొచ్చింది. "అక్కా, ఆ మాటలు నావి."

అక్క లోపలికెళ్ళి కెమెరా నుంచి లెన్సు విప్పింది. డైరీ మీద పెట్టి రెండూ నా చేతిలో ఉంచింది.

"నీవి నీకిచ్చీసాను కదే. ఇంకేటి కావాల?"